జూన్‌లో బళ్ళు తెరిచారు, మనింట్లో పిల్లలు లేరు: ఈ నెల ఎలా దాటాలి

తెలంగాణలో ఎండాకాలం సెలవులు అయిపోయి జూన్ 12కి బళ్ళు తెరుస్తారు. ఎన్నో ఏళ్ళు మన ఇంటికి కొత్త సంవత్సరం అంటే ఆ తారీఖే. నోట్‌బుక్కులకి అట్టలు వెయ్యడం, లేబుళ్ళ మీద పేర్లు రాయడం, కిందటేడు బూట్లు పట్టకపోతే కొత్తవి కొనడం, ఆటో అంకుల్‌తో నెలకి ఎంతో మాట్లాడుకోవడం, మొదటి టర్ము ఫీజు కోసం చిట్టీ ఎత్తడం, ఇదంతా అలవాటైపోయింది. ఇప్పుడు పిల్లలు పెద్దోళ్ళై ఒకరు ఉద్యోగానికి ఒకరు హాస్టల్‌కి వెళ్ళిపోయారు, జూన్ మాత్రం ఎప్పటిలాగే వచ్చేసింది.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, మా వాడు కిందటేడు తమిళనాడులో ఇంజినీరింగ్‌లో చేరాడు. మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి. మాలాంటి ఇళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే చాలా ఉన్నాయి, అందరం లిఫ్ట్‌లో కలిసినప్పుడు "పిల్లలు బాగున్నారా" అనుకుని వెళ్ళిపోతాం గానీ అసలు మాట ఎవరం ఎత్తం. అందుకే నాకు పనికొచ్చినవి, మా అక్కావాళ్ళకీ పక్కింటివాళ్ళకీ పనికొచ్చినవి ఒక వరసలో పెట్టి రాస్తున్నా. ఈ సంవత్సరం మీ పిల్లలు ఇంటర్ అయిపోయి వెళ్ళబోతున్నా చదివి పెట్టుకోండి, ఎందుకంటే ఈ బాధ వాళ్ళు వెళ్ళిన నెలలో పెద్దగా తెలీదు. ఆ ఎండాకాలమంతా ఎప్‌సెట్ (మనం ఇంకా ఎంసెట్ అనే అంటాం), జేఈఈ, కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్లు, బకెట్టు, పరుపు, సూట్‌కేసు, వీటితోనే గడిచిపోతుంది. దింపేసి వచ్చాక కూడా వాడు ఎలా ఉన్నాడో అన్న కంగారే ఉంటుంది, మన గురించి మనకి గుర్తుండదు. అసలు దెబ్బ ఆ తర్వాతొచ్చే జూన్‌లో తగుల్తుంది, ఊరంతా బడికి తయారవుతుంటే మన చేతికి ఏ పనీ ఉండదు చూడండి, అప్పుడు.

ముందు గంటలు రాసుకోండి

రోజంతా ఏదోలా ఉంది అని అనుకుంటాం గానీ నిజానికి రోజంతా ఉండదు. కొన్ని గంటలకి వస్తుంది, తర్వాత పోతుంది, మళ్ళీ ఇంకో గంటకి వస్తుంది. ఆ గంటలేవో తెలిస్తే సగం పని అయినట్టే. ఒక కాగితం తీసుకోండి, పాత క్యాలెండర్ షీటు వెనకాలైనా చాలు, రెండు మూడు రోజులు మనసు బరువెక్కిన ప్రతిసారీ టైము రాయండి, ఆ టైముకి ఇంట్లో ఎక్కడున్నారో, ఏం విన్నారో ఏం చూశారో రాయండి. పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు, "6:40, వంటింట్లో, బస్సు హారన్" అంటే చాలు.

నాకు పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి వచ్చేది. పొద్దునంటే టిఫిన్ బాక్సు టైము, సాయంత్రమంటే వాడు బ్యాగు సోఫాలో పడేసి "మమ్మీ ఏముంది తినడానికి" అనే టైము. మా ఆయనకి అలా కాదు, ఆయనకి రాత్రి తొమ్మిదిన్నర. అది మా వాడిని కోచింగ్ నుంచి బండి మీద తీసుకొచ్చే టైము. ఆ టైముకి టీవీ చూస్తున్నవారు లేచి, తలుపు పక్కన మేకుకి వేలాడే బండి తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని, మళ్ళీ పెట్టేసేవారు. నేను చూశాను గానీ చాలా రోజులు ఏమీ అనలేదు. ఇద్దరూ విడివిడిగా రాసుకుని తర్వాత ఒకరిది ఒకరు చూసుకోండి, ఇరవై ఏళ్ళు కాపురం చేసినా ఎదుటివాళ్ళ గంటలు మనకి తెలీవు.

ఆ గంటలకే పని పెట్టండి, రోజంతటికీ కాదు

ఖాళీగా ఉంటున్నావు కదా ఏదైనా కోర్సు చెయ్యి, యోగా క్లాసులో చేరు, భజన మండలికి రా అని అందరూ చెప్తారు. చెప్పేవాళ్ళు మంచికే చెప్తారు. కానీ పదకొండు గంటలకి మీరు బాగానే ఉంటే పదకొండు గంటల క్లాసుతో ఏం లాభం, మీ బరువైన గంట ఆరున్నరది కదా. కాబట్టి కాగితం చూసుకుని ఆ గంటకి సరిపోయేది మాత్రమే వెతుక్కోండి.

పొద్దుటి గంట అయితే ఇంట్లోంచి బయటకి వెళ్ళేది పెట్టుకోండి, బస్సులు వచ్చే టైముకి మీరు బాల్కనీలో ఉండకుండా. దగ్గర్లో పార్కు ఉంటే అదే మంచిది. ఇందిరా పార్కు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు, బంజారాహిల్స్ వైపు ఉన్నవాళ్ళకి కేబీఆర్, ఎక్కడికెళ్ళినా పొద్దున మన వయసువాళ్ళే కనిపిస్తారు. నాలుగు రోజులు ఒకే టైముకి వెళ్తే ఐదో రోజు ఎవరో ఒకరు "నిన్న రాలేదేంటండి" అని అడుగుతారు, ఆ మాట కోసమైనా వెళ్ళండి.

సాయంత్రం గంటకి ఇంకో పద్ధతి. ఆడవాళ్ళకి మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు లేవు, తెలంగాణ అడ్రసు ఉన్న ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. పిల్లల టైముకి కట్టేసుకున్న ఇన్నేళ్ళలో ఊరు ఎంత మారిందో మనం చూడలేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో సాయంత్రాలు ఏదో ఒక ప్రోగ్రాం ఉంటూనే ఉంటుంది, చాలావాటికి టికెట్ కూడా ఉండదు. చదివే అలవాటు ఉంటే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891 నుంచి ఉన్నది, మూసీ పక్కన ఆ పాత బిల్డింగ్ చూడ్డానికే ఒకసారి వెళ్ళొచ్చు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదువుకునే పిల్లలు మెట్ల మీద, చెట్ల కింద కూడా కూర్చుని ఉంటారు. వాళ్ళందరూ ఏదో ఊళ్ళో అమ్మానాన్నల్ని వదిలి మన ఊరికి వచ్చినవాళ్ళే. మన పిల్లలు ఎక్కడో ఉన్నట్టే వాళ్ళు ఇక్కడున్నారు, నాకైతే అది చూశాక చాలా తేలికైంది.

టీవీ సీరియల్‌తో ఆ గంటని నింపకండి. అది గంటని మింగేస్తుంది గానీ బరువుని తియ్యదు, సీరియల్ అయ్యాక అలాగే ఉంటుంది.

వంటింటి కొలతలు మార్చండి

ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ అన్నిటికంటే ఎక్కువ గుచ్చేది ఇదే, రోజూ రాత్రి గిన్నెల్లో మిగిలిన అన్నం చూడ్డం. చెయ్యి పాత కొలతకి అలవాటైపోయి ఉంటుంది, మనం ఆలోచించకుండానే డబ్బాలో గ్లాసు ముంచేస్తుంది. కాబట్టి చేతికి చెప్పి లాభం లేదు, గ్లాసు మార్చండి. బియ్యం డబ్బాలో ఉన్న పెద్ద గ్లాసు తీసేసి చిన్నది వెయ్యండి. ఇంకో సంగతి, నలుగురు ఇద్దరైతే సగం వండాలి అనుకుంటాం, అది తప్పు లెక్క. వెళ్ళింది ఎదిగే పిల్లలు, వాళ్ళే ఎక్కువ తినేవాళ్ళు, మిగిలింది షుగర్ చూసుకుంటూ తినే మనం. సగం కంటే తక్కువే పడుతుంది. ఐదు లీటర్ల కుక్కర్ పైన పెట్టేసి రెండు లీటర్లది తీయండి, అడుగున కొంచెం అన్నం ఉంటే పెద్ద కుక్కర్‌లో సరిగ్గా ఉడకదు కూడా.

ఇడ్లీ పిండి మాత్రం తగ్గించకండి. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ లెక్క, గ్లాసు కంటే తక్కువ పప్పు వేస్తే గ్రైండర్‌లో తిరగదు, పక్కలకి అంటుకుపోతుంది. ఎప్పటిలాగే రుబ్బుకుని, పొంగాక ఉప్పు కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఏ రోజుకారోజు తీసుకున్న పిండిలోనే ఉప్పు వేసుకోండి. మొదటి రెండు రోజులు ఇడ్లీ, తర్వాత ఉల్లిపాయ పచ్చిమిర్చి వేసి ఊతప్పం, చివర్లో కాస్త పులిసిన దాంట్లో మైదా కలిపి పునుగులు. ఇద్దరికి వారం గడిచిపోతుంది. పాలు లీటరు మానేసి అర లీటరు ప్యాకెట్ వేయించుకోండి, పాలబ్బాయికి ఆ మాట చెప్పడం కొంచెం కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పేయండి. కిరాణా లిస్టు పాతది చూసి రాయకండి, కొత్తగా రాయండి, నూనె ఐదు లీటర్ల క్యాన్ బదులు ప్యాకెట్లు తెచ్చుకోండి.

ఇంకొకటి. వాడికిష్టమైన కూర వాడు లేకుండా ఎలా తింటాం అని చాలామంది తల్లులు ఆ కూరే వండడం మానేస్తారు. మానకండి. మా ఇంట్లో మృగశిర కార్తె రోజు చేపల కూర ఉండాల్సిందే, మా వాడికి చేపలంటే ప్రాణం, ఈసారి కూడా తెచ్చి చింతపులుసు పోసి చేశాను, ఇద్దరం కూర్చుని తిన్నాం. తింటూ వాడి గురించే మాట్లాడుకున్నాం, అది బాధగా లేదు, బాగానే ఉంది. వండడం మానేస్తే ఆ కూర పేరెత్తాలన్నా భయమేస్తుంది తర్వాత.

పార్సిల్ సరిగ్గా కట్టండి

వంట చేసే చెయ్యి ఊరికే ఉండదు కాబట్టి నెలకో రెండు నెలలకో ఒక పార్సిల్ పంపండి. కారప్పొడులు పచ్చళ్ళకంటే మంచివి, కారవు, బరువుండవు. కరివేపాకు పొడికి ఆకు కడిగాక బట్ట మీద పరిచి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, ఆకు వెనక తడి ఉన్నా పది రోజుల్లో బూజు వస్తుంది. వేయించి పొడి కొట్టాక వెంటనే డబ్బాలో పెట్టకండి, పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే పెట్టండి, లేకపోతే ఆవిరికి గడ్డ కడుతుంది.

ఆవకాయ పంపాలంటే గాజు సీసా వద్దు. మూత వెడల్పుగా ఉండే మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, తడి లేకుండా తుడిచి ఎండలో పెట్టి, ముక్కలు వేశాక పైన నూనె తేలేలా పోయండి. డబ్బా నిండా పెట్టకండి, రెండు వేళ్ళ ఖాళీ ఉంచండి. మూతి మీద ప్లాస్టిక్ కవర్ ముక్క పరిచి దాని మీద మూత బిగించి చుట్టూ టేపు వేయండి, తర్వాత ఒక కవర్లో, దాన్ని పాత పేపర్లో చుట్టి ఇంకో కవర్లో, నిలబెట్టి సర్దండి. పొడి స్పూను కూడా అందులోనే పెట్టండి, హాస్టల్ పిల్లలు తడి స్పూనే ముంచుతారు. రూమ్మేట్లకి కూడా కలిపి పంపండి, ఎలాగూ డబ్బా తెరిస్తే నలుగురు తింటారు. మా వాడి రూమ్మేట్ కేరళ అబ్బాయి, ఇప్పుడు వాడే ఫోన్లో "ఆంటీ కందిపొడి" అని అడుగుతాడు.

ఫోన్ సంగతి

రోజుకి ఎన్నిసార్లు చెయ్యాలి అనేదానికి ఒక్కటే లెక్క లేదు, వాళ్ళతోనే కూర్చుని మాట్లాడి ఒక టైము పెట్టుకోండి. రోజూ ఒక మెసేజ్, ఆదివారం తీరిగ్గా ఒక వీడియో కాల్, ఇది చాలా ఇళ్ళల్లో నడుస్తుంది. ఎత్తకపోతే వెంటవెంటనే చేయకండి. లొకేషన్ షేర్ చేయమని అడిగి గంటగంటకీ మ్యాపులో చుక్క చూసుకుంటూ కూర్చోకండి, అది మీకే నిద్ర పట్టనివ్వదు.

ఏం మాట్లాడాలి అన్నది అసలు ప్రశ్న. "తిన్నవా బిడ్డా" అంటే "తిన్న", "మంచిగున్నవా" అంటే "మంచిగున్న", అక్కడితో అయిపోతుంది. అడగడం తగ్గించి చెప్పడం పెంచండి. ఇవాళ పైఫ్లోర్ ఆంటీవాళ్ళ నీళ్ళ ట్యాంకు పొంగి మెట్లన్నీ తడిసిపోయాయి, నాన్న కొత్త కళ్ళజోడు తీసుకున్నారు, లష్కర్ బోనాలకి అమ్మమ్మ వస్తోంది, ఇలాంటివి. మన మాటల్లో ఇల్లు కనిపిస్తే వాళ్ళ మాటల్లో హాస్టల్ మెల్లగా బయటికి వస్తుంది. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి, వాళ్ళు తీరికైనప్పుడు వింటారు. ఏడుపొచ్చిన రోజు కాల్ చేయకూడదు అని మాత్రం నేను చెప్పను. "నువ్వు గుర్తొచ్చావురా" అని ఒక మాట చెప్పడంలో తప్పు లేదు, "నువ్వు లేక నేను తినలేకపోతున్నా" అనడం మాత్రం వద్దు, ఆ బరువు మోసే వయసు కాదు వాళ్ళది.

అలాగని అన్నిటినీ వదిలేయమని కాదు. రోజులతరబడి క్లాసులకి పోకుండా పడుకునే ఉండడం, ఎప్పుడూ చేసేవాడు అస్సలు ఎత్తకపోవడం, "నా వల్ల కాదు, నేను ఉండీ లాభం లేదు" లాంటి మాటలు వస్తే అది బెంగ అని సరిపెట్టుకోకండి. వెంటనే మాట్లాడండి, అవసరమైతే ఆ రాత్రికే బయల్దేరండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. ర్యాగింగ్ అనిపిస్తే యూజీసీ యాంటీ ర్యాగింగ్ నంబరు 1800-180-5522. ఈ రెండూ మీ ఫోన్లో, వాళ్ళ ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

రూము, పుస్తకాలు, కాగితాలు

రూమును మొదటి సంవత్సరం కదపకండి. దాన్ని పూజగదిగానో స్టోర్ రూముగానో మార్చేద్దాం అని చుట్టాలు సలహా ఇస్తారు, పిల్లలు మొదటి సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ మంచం వాళ్ళకి ఉండాలి. అలాగని తాళం వేసి పెట్టకండి, తలుపు తీసి ఉంచండి, వారానికోసారి ఫ్యాను వేసి దుప్పటి మార్చండి, మధ్యాహ్నం అక్కడే కూర్చుని పేపర్ చదువుకోండి.

పుస్తకాలు మాత్రం ఈ జూన్‌లోనే తీయాలి, ఇప్పుడైతేనే ఎవరికైనా పనికొస్తాయి. ముందు వాడికి ఫోన్ చేసి ఏవి ఉంచాలో అడగండి, అడక్కుండా ఇవ్వకండి. ఇంటర్ పుస్తకాలు, కోచింగ్ మెటీరియల్ మీ వీధిలోనే ఫస్టియర్‌లో చేరే పిల్లలకి ఇచ్చేయండి, పెన్సిల్‌తో వాడు రాసుకున్న లెక్కలతో సహా. ఎవరూ లేకపోతే కోఠిలో పాత పుస్తకాల షాపులు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్ళు తీసుకుంటారు. డబ్బులు పెద్దగా రావు, కానీ తూకానికి వెయ్యడం కంటే ఎవరో ఒకరు చదువుతారు. చిన్నప్పటి డ్రాయింగ్ బుక్కు, మొదటి ప్రోగ్రెస్ కార్డు, ఒక టై, ఇవి ఉంచుకోండి, ఒక చిన్న డబ్బాలో పట్టేంత వరకు.

కాగితాల పని పొడిగా ఉంటుంది గానీ చెప్పాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ స్కాన్ చేసి మీ దగ్గర ఒక కాపీ, వాడి దగ్గర ఒక కాపీ ఉంచండి. 15 ఏళ్ళకి ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ అయ్యాయా చూడండి, కాకపోతే హాస్టల్ నుంచి ఆ పని చేయించడం తలనొప్పి. 18 నిండితే మైనర్ అకౌంట్ అలాగే ఉంటే బ్యాంకుకి వెళ్ళి మార్పించాలి, పాన్ కార్డు చిన్నప్పుడు తీసుంటే ఫోటో, సంతకం కొత్తవి పెట్టించాలి, ఓటు కోసం ఫారం 6 నింపాలి. సెలవులకి వచ్చినప్పుడు ఒక పొద్దున ఈ పనులకి పక్కన పెట్టుకోండి, అంతే.

ఇంట్లో మిగిలిన ఇద్దరు

పిల్లలున్నన్నాళ్ళూ మనిద్దరి మాటలన్నీ పిల్లల మీదుగానే నడుస్తాయి, ఫీజు కట్టారా, వాడికి జ్వరం తగ్గిందా, మీటింగ్‌కి ఎవరు వెళ్తారు. అవి పోయాక భోజనం దగ్గర ఏం మాట్లాడాలో తెలీదు, కొత్తగా పరిచయమైనవాళ్ళలా ఉంటుంది. కంగారు పడకండి. కూర్చుని మాట్లాడుకుందాం అంటే మాటలు రావు, కలిసి ఒక పని చేస్తే వస్తాయి. రాత్రి భోజనం అయ్యాక ఇద్దరం వీధి చివరిదాకా నడిచి రావడం మొదలెట్టాం, మా ఆయన తాళంచెవి పట్టుకునే టైముకే సరిగ్గా. అలా నడుస్తూనే ఒక రాత్రి ఆయన చెప్పారు, కోచింగ్ నుంచి వచ్చేటప్పుడు వాడు వెనకాల కూర్చుని ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయేవాడట, సిగ్నల్ దగ్గర ఆగితే లేచేవాడట. నాకు అన్నేళ్ళూ తెలీదు ఆ సంగతి. మగవాళ్ళు ఏడవరు, చెప్పరు, అందుకని వాళ్ళకి లేదు అనుకోవద్దు.

ఒంటరిగా పిల్లల్ని పెంచినవాళ్ళకి ఇది ఇంకా కష్టం, అది నాకు తెలుసు, మా అక్క అలాగే పెంచింది. వాళ్ళు రాత్రి భోజనం మాత్రం ఒంటరిగా తినే రోజులు తగ్గించుకోవాలి, వారానికి రెండు పూటలు చెల్లెలింట్లోనో స్నేహితురాలింట్లోనో. అడగడానికి మొహమాటపడతారు, కాబట్టి ఇది చదివేవాళ్ళలో అలాంటి అక్కాచెల్లెళ్ళున్నవాళ్ళు మీరే పిలవండి.

ఆడవాళ్ళకి ఇంకో మాట. పిల్లలు వెళ్ళే వయసుకి మనకి నలభై ఐదు, యాభై ఉంటాయి, నెలసరి ఆగిపోయే వయసు కూడా అదే. నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు, చిన్నదానికే ఏడుపు, కోపం, ఇవన్నీ పిల్లల మీద బెంగే అనుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు. డాక్టర్‌కి చూపించుకోండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చేయించుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా, దేని మీదా మనసు లేకుండా ఉంటే ఆ 14416 మనకి కూడా పనిచేస్తుంది, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ కూడా ఉంది. ఎర్రగడ్డ పేరు చెప్తే ఇప్పటికీ జనం ఒకలా చూస్తారు, ఆ చూపు కోసం మనం బాధ పడుతూ కూర్చోనక్కర్లేదు.

ఇంకో పిల్లకి అట్టలు వేయండి

చేతులు అడుగుతాయి జూన్‌లో, బ్రౌన్ పేపర్ కోసం. అడగనివ్వండి. మీ దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే వెళ్ళి హెడ్మాస్టర్‌ని కలవండి. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం ప్రభుత్వమే ఇస్తుంది, కాబట్టి మనకి తోచింది కొనుక్కెళ్ళకుండా ఏం కావాలో అడగండి, ఒక్కోచోట బూట్లు, ఒక్కోచోట బ్యాగులు, జామెట్రీ బాక్సులు, నీళ్ళ బాటిళ్ళు అంటారు. మా వాచ్‌మన్ వాళ్ళ పాప ఈ ఏడు మూడో తరగతి, సాయంత్రం నాలుగున్నరకి మా ఇంటికి వచ్చి హోంవర్క్ చేసుకుంటోంది. ముందు వాళ్ళమ్మని అడిగాను, ఊరికే పిలవలేదు. అది ఎక్కాలు చదువుతుంటే నేను మినప సున్నుండలు చుట్టుకుంటూ వింటాను. అది మా పిల్లల బదులు కాదు, అలా చూస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టు. అది వేరే పిల్ల, దాని అల్లరి వేరే, "ఆంటీ మీకు పదమూడో ఎక్కం వచ్చా" అని నన్నే పరీక్ష పెడుతుంది.

టికెట్లు ఇప్పుడే చూసుకోండి

రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, పండగ రోజులకి నిమిషాల్లో వెయిటింగ్ లిస్టుకి వెళ్ళిపోతుంది. దసరా సెలవులు ఎప్పుడో వాడి కాలేజీ క్యాలెండర్ తెప్పించుకుని వెనక్కి 60 రోజులు లెక్కపెట్టి ఫోన్లో అలారం పెట్టుకోండి. సంక్రాంతికి జనవరి 12 రైలు కావాలంటే నవంబర్ 13 పొద్దున కూర్చోవాలన్నమాట. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి, ఆన్‌లైన్‌లో అయితే ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కి ఆధార్ వెరిఫై అయి ఉండాలి. కాలేజీకి తిరిగి వెళ్ళే టికెట్ కూడా అలారం పెట్టుకుని తీసేయండి, అది తీయడానికి మనకి చెయ్యి రాదు, వాయిదా వేస్తాం, చివరికి పిల్లలు జనరల్ బోగీలో నిలబడి పోవాల్సొస్తుంది.

వచ్చినప్పుడు మొదటి రోజు పడుకోనివ్వండి, బట్టల మూట విప్పి మెషీన్‌లో వెయ్యండి, చుట్టాలని రెండు రోజుల తర్వాత పిలవండి. జుట్టు పెంచుకుని వస్తాడు, అర్ధరాత్రి దాకా మేలుకుంటాడు, మనం పెట్టిన టైముకి తినడు. హాస్టల్‌లో వాడి టైము వాడిదే కదా, ఇంటికి రాగానే మారిపోదు. మీ పొద్దుటి నడక మాత్రం ఆపకండి, వాడు లేచేసరికి ఎలాగూ పదకొండవుతుంది, ఈలోపు మీరు వెళ్ళి వచ్చేయొచ్చు, వచ్చేటప్పుడు దారిలో వాడికి ఇరానీ బిస్కెట్లు తీసుకుని రండి.